కూతవేటు దూరము, కొద్దిసేపు కాలము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులు కూడినచోట సాధారణముగా రోడ్లను గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు, ఇంటిపన్ను బకాయిలను గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. అవన్నియు ముఖ్యమైన విషయములే. నేడు మేము ఎన్నుకొనిన విషయము వాటికంటె తేలికైనది. మన నోట నిత్యము దొర్లెడి కొలతలను గూర్చి ముచ్చటింపదలచినాము. "కూతవేటు దూరం", "కొద్దిసేపు", "నాలుగు రోజులు", "పిడికెడు", "ఓ మాదిరి" - ఇవియే మన కొలతలు. తెల్లవారినది మొదలు ప్రొద్దు క్రుంకువరకు మన వ్యవహారమంతయు వీటితోనే నడచుచున్నది. వీటివలన కలిగెడి తికమకలు చూచిన నవ్వు వచ్చును. నవ్విన తరువాత కొంత ఆలోచనయు కలుగును. పల్లెలలో జరిగెడి తగవులలో పెక్కు దుర్బుద్ధి వలన పుట్టినవి కావనియు, ఒకే మాటకు ఇద్దరు రెండు కొలతలు పెట్టుకొనుట వలన పుట్టినవనియు మా అనుభవము.

ముందుగా దూరము సంగతి చూతము. క్రొత్త ఊరికి పోవుచు, దారిలో పశువులు కాచుకొను వానిని "ఊరు ఎంత దూరమయ్యా?" అని అడిగి చూడుడు. "ఎంతో లేదు బాబూ, కూతవేటు దూరం" అనును. కూతవేటు అనగా ఒకడు కూత పెట్టిన మరియొకనికి వినవచ్చునంత దూరము. బాగుగనే యున్నది. కాని కూత పెట్టువాడెవడు? వినువాడెవడు? గాలి ఎటు వీచుచున్నది? ఇవేవియు తేలలేదు. ఒక కిలోమీటరు నడచి మరియొకనిని అడిగిన "ఇంకెంత, ఆ మలుపు తిరిగితే ఊరే" అనును. మలుపు తిరిగిన పిమ్మట కనబడిన మూడవవాడు "అయ్యో, ఇంకా చాలా దూరం ఉందండీ, కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళండి" అనును. మనము ముందుకు నడచినకొలది ఊరు వెనుకకు నడచుచున్నదేమో యని అనుమానము కలుగును.

నిజమునకు వారెవ్వరును అబద్ధమాడలేదు. ఎండలో పడి వచ్చినవానిని నిరుత్సాహపరచుటకు మొదటి ఇద్దరికిని మనసొప్పలేదు. మూడవవానికి బాటసారిని చెట్టునీడను కూర్చుండబెట్టుకొని నాలుగు ఊళ్ళ సంగతులు వినవలెనని కోరిక. దయవలన ఒక కిలోమీటరు తగ్గినది; ఆదరము వలన ఒక కిలోమీటరు పెరిగినది. అంతియే.

గుర్తుల సంగతి ఇంకను విచిత్రము. "చింతచెట్టు దగ్గర కుడిచేతికి తిరగండి" అని చెప్పుదురు. మనము కండ్లు కాయలు కాచునట్లు చూచినను చింతచెట్టు కనబడదు. అది ఎన్నడో గాలివానకు పడిపోయినది. ఊరివారికి మాత్రము ఇంకను అది అక్కడనే నిలిచియున్నది. "చెట్టేదీ లేదే?" అని అడిగిన, "లేదండీ, ఉండేది. అక్కడే తిరగాలి" అని సమాధానము వచ్చును. లేని చెట్టు క్రింద తిరుగుట నేర్చిననే గాని ఆ ఊరు చేరుటకు వీలులేదు!

పగటిపూట బాటసారి అయినచో నవ్వుకొని వెదకుకొనును. అర్ధరాత్రి ప్రసవవేదన పడుచున్న ఇల్లాలికొరకు వచ్చెడి అంబులెన్సు సంగతి యేమి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో 108 సేవ ఆరంభమైనప్పటినుండి, పల్లెకు బండి వచ్చుట వింత కాదు. కాని ఆ బండి తోలువాడు పొరుగు మండలమువాడు కావచ్చును. అతనికి మన చింతచెట్టు తెలియదు. "చెట్టు దాటాక రెండో సందు, బావగారి ఇంటి ఎదురుగా" అని ఫోనులో చెప్పిన, అతడు ఎవరి బావగారిని వెదకవలెను? వీధి మొగదల పేరు వ్రాయించి, ప్రతి గుమ్మమునకు ఇంటి నంబరు వేయించుట పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు. ఆ రాత్రి మాత్రము ఆ రంగు డబ్బా ఒక ప్రాణమంత విలువ చేయును.

ఇక కాలము. మన పెద్దలకు కాలము లెక్క తెలియదని కొందరు అందురు. అది సరికాదు. ఘడియ అనగా సరిగా 24 నిమిషములు. దినమునకు అరువది ఘడియలు. జాము అనగా మూడు గంటలు. ఇంత నికరమైన మాటలను చేతబట్టుకొని మనము చేసినదేమి? "ఒక్క ఘడియ కూర్చోండి, వచ్చేస్తాను" అని చెప్పి జాము దాటిన తరువాత వచ్చుచున్నాము. "క్షణంలో వస్తా" అనువాడు మరింత ప్రమాదకరమైనవాడు. అతనికొరకు పొయ్యిమీద అన్నము దింపకుండ ఉంచిన ఇల్లాలికే ఆ క్షణము పొడవు తెలియును.

సెల్ ఫోను వచ్చిన తరువాత ఈ వ్యవహారము చక్కబడునని కొందరు ఆశించినారు. ఏమి జరిగినది? ఒకనాడు మేము ఒక మిత్రునికొరకు బస్సు నిలిచెడి చోట వేచియుండి ఫోను చేసితిమి. "దారిలో ఉన్నానండీ, వంతెన దాటుతున్నాను" అని అతడు చెప్పుచుండగనే, వెనుకనుండి "ఏమండీ, స్నానానికి నీళ్ళు తోడాను, చల్లారిపోతున్నాయి" అని ఇల్లాలి గొంతు వినవచ్చినది. వంతెనమీద వేడినీళ్ళు తోడిపెట్టు సదుపాయము ఎప్పుడు కలిగినదో మాకు తెలియలేదు. మేమును అడుగలేదు.

ఇందులో మరియొక విశేషమున్నది. మన ఇండ్లలో పెండ్లి శుభలేఖ చూడుడు. "రాత్రి 2 గం॥ 14 ని॥లకు" అని ముహూర్తము అచ్చువేయింతుము. ఆ పదునాల్గవ నిమిషము దాటకుండ జీలకర్ర బెల్లము పెట్టించుటకు ఇంటిల్లిపాదియు గడియారమువైపే చూచుచుందురు. అదే ఇంటివారు గ్రామసభకు దండోరా వేయించునప్పుడు "రేపు ప్రొద్దున సభ ఉన్నదహో" అని చెప్పింతురు. ప్రొద్దున అనగా పాలు పితికెడి వేళయా, చలిది త్రాగెడి వేళయా, ఎండ నడినెత్తికి వచ్చు వేళయా? కూలికి పోవువారు ఆరు గంటలకే వచ్చి, ఎవ్వరును లేకుండుట చూచి పనికి పోవుదురు. పదునొకండు గంటలకు తీరికగలవారు వచ్చి తీర్మానములు చేయుదురు. "కూలివాళ్ళు సభకు రారండీ, వాళ్ళకు ఆసక్తి లేదు" అని పిమ్మట అనుకొందురు. వారు వచ్చినారు, మన ప్రొద్దునయే రాలేదు!

తూకముల సంగతికి వచ్చెదము. నేడు కిలోగ్రాము ఎక్కడనైనను కిలోగ్రామే. ఈ సుఖము మన పెద్దలకు లేదు. తూకములు, కొలతల ప్రమాణముల చట్టము 1956లో వచ్చినది. మెట్రిక్ తూకములు 1958 అక్టోబరులో మొదలై, క్రమక్రమముగా 1962 నాటికి దేశమంతట వ్యాపించినవి. అంతకుముందు శేరు అనగానే "ఏ శేరు?" అని అడుగవలసి వచ్చెడిది. మద్రాసు రాజధానివైపు తూకపు శేరు 24 తులములు. అనగా ఇప్పటి లెక్కకు సుమారు 280 గ్రాములు. ఐదు శేర్లు ఒక వీసె. ఎనిమిది వీసెలు ఒక మణుగు. బెంగాలు శేరు అని పేరుపొందిన మరియొక శేరు 80 తులములు. అనగా సుమారు 933 గ్రాములు. పేరు ఒకటే, బరువులో మాత్రము మూడింతలకు మించిన తేడా.

పెద్దలు చెప్పుకొనెడి ఒక పెండ్లి ముచ్చట మేము విని యున్నాము. పెద్ద శేరు వాడుకలో నున్న ప్రాంతమునుండి వంటవానిని పిలిపించినారట. అతడు పాయసమునకు ఇరువది శేర్ల పంచదార అని పట్టీ వ్రాసి యిచ్చినాడు. పెండ్లివారు తమ ఊరి కోమటి దుకాణమునుండి ఇరువది శేర్లు నిక్కచ్చిగా తూచి తెచ్చినారు. వంటవాడు తలచినది ఇప్పటి లెక్కను పదునెనిమిదిన్నర కిలోలకు పైమాట. వచ్చినది ఐదున్నర కిలోల చిల్లర. పాయసము వడ్డించిన తరువాత మగపెండ్లివారు ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. "అమ్మాయి తరఫువారికి చేయి బిగువు" అని ఒకరు, "కాదు, వంటవాడు మూట కట్టినాడు" అని మరియొకరు. వాస్తవమునకు అక్కడ లోభియు లేడు, దొంగయు లేడు. రెండు శేర్లు ఒకే పేరుతో పందిటిలోనికి వచ్చినవి. కాని ఆ చప్పని పాయసపు మాట ఆ ఇంటి కోడలు ముసలిదైన దాక దెప్పుచునే యుండిరట.

డబ్బు లెక్కలోను ఇట్టి వేడుకలు చాల జరిగినవి. హైదరాబాదు రాజ్యమున హాలీ సిక్కా రూపాయి చెల్లెడిది. సరిహద్దు దాటిన కల్దారు రూపాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలని స్థూలమైన లెక్క. సరిహద్దు సంతలలో ఎద్దు బేరమాడువాడు మొదట పండ్లు చూచి, పిదప నడక చూచి, తుదకు "ఇంతకూ ఏ రూపాయండీ?" అని తప్పక అడుగవలసి యుండెను. ఆ మాట అడుగుట మరచినవానికి, ఇంటికి వచ్చిన తరువాత ఎద్దు కుంటకపోయినను బేరము కుంటెడిది.

తరువాత 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చినవి. అంతవరకు రూపాయికి పదహారణాలు. అణాకు నాలుగు పైసలు. రూపాయికి మొత్తము 64 పైసలు. క్రొత్తగా రూపాయికి నూరు నయాపైసలు. అణాకు ఆరుంబావు నయాపైసలని లెక్క వచ్చినది గాని, ఆ పావు నయాపైసను ఎవరు ముద్రింతురు? అందువలన అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని పట్టికలు వేసినారు. అణా చొప్పున నాలుగు మారులు కొనిన 24 నయాపైసలే. ఒక్కమారు కొనిన 25. ఇది కనిపెట్టిన అవ్వలు తమలపాకులకొరకు మనుమని నాలుగు మారులు అంగడికి తరిమెడివారట. ఒక నయాపైస మిగిలినది. ఆ మనుమని కాలినొప్పికి వెల కట్టలేదు.

1964 జూన్‌లో నయా అను మాట పోయి పైస యొక్కటే మిగిలినది. 2011 జూన్ 30వ తేదీనుండి పావలా నాణెమునకు చెల్లుబాటు పోయినది. అయినను మన నోట పావలా చావలేదు. "పదహారణాల తెలుగువాడు" అనుచునే యున్నాము. "నూరు పైసల తెలుగువాడు" అని ఎవరైన అనిన అది పొగడ్తయా, తిట్టా యని సందేహింతుము. ఇట్టి మాటలు భాషకు అలంకారములు. ఉండనిండు.

ఒక్కచోట మాత్రము ఈ పాత లెక్క మన కొంప ముంచుచున్నది. అదియే వడ్డీ. "పావలా వడ్డీ" అనగా నూరు రూపాయలకు నెలకు ఇరువదియైదు పైసలు. ఏడాదికి నూటికి మూడు. "రెండు రూపాయల వడ్డీ" అనగా నూటికి నెలకు రెండు, ఏడాదికి ఇరువదినాలుగు. ఒక రైతు బ్యాంకుకు పోయినాడు. అక్కడివారు "వడ్డీ నూటికి పన్నెండు" అని చెప్పిరి. "అమ్మో, పన్నెండే!" అని గుండె బాదుకొని బయటకు వచ్చినాడు. ఊరిలోని షావుకారు "నీ దగ్గర ఎక్కువ తీసుకుంటానా? మూడు రూపాయలు ఇవ్వు, చాలు" అనినాడు. పన్నెండెక్కడ, మూడెక్కడ! రైతు సంతోషముతో వ్రేలిముద్ర వేసినాడు. బ్యాంకువారు చెప్పినది ఏడాది లెక్క. షావుకారు చెప్పినది నెల లెక్క. మూడు రూపాయల వడ్డీ ఏడాదికి ముప్పదియారు. అనగా చవక యనుకొని మూడింతలు నెత్తిన వేసికొనినాడు. షావుకారు అబద్ధమాడలేదు, అంకెయు దాచలేదు. "నెలకు" అను ఒక్క మాట ఎవ్వరును పలుకలేదు. మీ వార్డులో ఎవరైన అప్పు తెచ్చుకొనునప్పుడు, "నెలకా, ఏడాదికా?" అని అడుగుట నేర్పినచో, అంతకుమించిన ఉపకారము లేదు.

భూమి విషయమునను ఇట్లే. ఎకరమునకు కోస్తాలోను, రాయలసీమలోను నూరు సెంట్లని లెక్క. తెలంగాణములో నలుబది గుంటలని లెక్క. గుంట అనగా 121 చదరపు గజములు; సెంటు అనగా 48.4 చదరపు గజములు. ఒక గుంట రెండున్నర సెంట్లకు సమానము. ఇప్పుడు రెండు ప్రాంతముల మధ్య సంబంధములు కలుపుకొనుట చూచుచున్నాము. సంతోషమే. అయితే మధ్యవర్తి "పిల్లవాడికి రోడ్డు ప్రక్కన ఇరవై ఉంది" అని చెప్పి ఊరకొనినాడనుకొనుడు. ఇరువది గుంటలైన అర ఎకరము. ఇరువది సెంట్లైన ఎనిమిది గుంటలు. ఆడపిల్ల తండ్రి అర ఎకరమనుకొని సంబరపడును. పెండ్లియైన తరువాత అల్లుని వెంట పొలము చూడబోయి, ఈ గట్టునుండి ఆ గట్టునకు నాలుగు అంగలు వేసి, "మిగతాది ఎక్కడ, అల్లుడుగారూ?" అని అడుగును. అల్లుడు వెర్రిముఖము వేయును. మధ్యవర్తి ఆనాటినుండి ఆ ఊరి దారిని రాడు.

దూరము, కాలము, తూకము, డబ్బు, భూమి అయినవి. ఇక మనిషి వయస్సు మిగిలినది. పల్లెటూరి అవ్వను "నీకెన్నేళ్ళు?" అని అడిగిన ఏమి చెప్పును? "దివిసీమ ఉప్పెన నాటికి నాకు ఇద్దరు బిడ్డలు" అనును. తెలంగాణములో నయినచో "పోలీసు చర్య నాటికి నేను పాకుతున్నానట" అనును. ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చినది. పోలీసు చర్య 1948 సెప్టెంబరులో జరిగినది. కావున వారి లెక్క కాకిలెక్క కాదు. మనకే దానిని విప్పెడి ఓపిక లేదు.

బడిలో చేర్చునాడు జరిగినదే అసలు వేడుక. పుట్టిన తేదీ తెలియని పిల్లలందరికి అయ్యవారు బడి తెరచెడి రోజులకు అనుకూలముగా ఒక జూన్ తేదీనో, జూలై తేదీనో వ్రాసికొనెడివారు. అందువలన మన ఊళ్ళలో ఒక తరమువారిలో పెక్కుమంది ఆ రెండు నెలలలోనే పుట్టినట్లు కాగితములు చెప్పుచున్నవి. మిగిలిన పది నెలలు మంత్రసానులు ఏమి చేసిరో తెలియదు! ఒక ఇంటిలో అన్నకును తమ్మునికిని నాలుగు నెలలే తేడా ఉన్నట్లు కాగితములలో మేము చూచితిమి. అన్నను ఒక అయ్యవారు చేర్చుకొనిరట. తమ్ముని మరియొక అయ్యవారు. తల్లి మాత్రము ఈ అద్భుతమును గూర్చి విని, బుగ్గన వ్రేలు వేసికొని నవ్వినది.

ఆ నవ్వు వృద్ధాప్యపు పింఛను దరఖాస్తు వేసిననాడు ఆగిపోవును. ఒక కార్డులో అరువదియెనిమిది, ఇంకొక కార్డులో యాభైనాలుగు. నడుము వంగి, చూపు మందగించిన మనిషి ఎదుట నిలిచియుండగా కాగితము "నీకింకా వయసు రాలేదు" అనును. వయస్సు వచ్చినట్లు కీళ్ళకు తెలిసినది, మోకాళ్ళకు తెలిసినది, కాగితమునకే తెలియలేదు.

జరిగిపోయినదానిని మనము మార్చలేము. ఇకమీద పుట్టువారి సంగతి మన చేతులలో నున్నది. జనన మరణముల నమోదు చట్టము 1969లోనే వచ్చినది. బిడ్డ పుట్టిన 21 దినములలో తెలియజేసినచో రుసుము లేకుండ నమోదగును. 2023లో చేసిన సవరణ ప్రకారము, ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీనాటినుండి పుట్టినవారికి, బడిలో చేరుటకైనను, ఓటరు జాబితాలో ఎక్కుటకైనను, ఉద్యోగమునకైనను పుట్టినతేదీకి జనన ధృవపత్రమే ఆధారము. బారసాలకు పిలిచినప్పుడు వెళ్ళి, బిడ్డను దీవించి, "నమోదు అయిందా అమ్మా?" అని ఒక మాట అడిగి రండు. ఉయ్యాలలో వేసిన వెండి మొలత్రాడుకంటె ఆ ప్రశ్న ఎక్కువ కాలము నిలుచును.

సభ్యులారా! ఇంతవరకు పరుల తికమకలు చెప్పి నవ్వించినాము. ఇప్పుడు పంచాయతీ తీర్మానముల పుస్తకము తెరచి చూతము. "ఊరిలో కొన్ని వీధి దీపములు వెలుగుటలేదు కనుక, వీలైనంత త్వరలో తగు చర్యలు గైకొనవలెనని ఏకగ్రీవముగ తీర్మానించడమైనది." ఈ వాక్యమున వ్యాకరణదోషము లేదు. గంభీరముగనే యున్నది. కాని ఎన్ని దీపములు? ఏ స్తంభములు? వీలు ఎవరిది? త్వరలో అనగా ఉగాదికా, సంక్రాంతికా? తగు చర్య ఎవరికి తగును? ఏకగ్రీవమగుట మాత్రము నిజము. ఎందుకనగా దేనికి ఒప్పుకొనుచున్నామో తెలియనప్పుడు అభ్యంతరము చెప్పువాడెవడుండును? కూతవేటు దూరమని చెప్పినవానికిని ఈ తీర్మానము వ్రాసినవానికిని తేడా యేమి? అతడు ఒక్క బాటసారిని నడిపించినాడు. మనము ఊరంతటిని నడిపించుచున్నాము.

దానినే ఇట్లు వ్రాయవచ్చును: "3వ వార్డులో రామాలయమునుండి బడివరకుగల 4 స్తంభముల దీపములు ఈ నెల 20వ తేదీలోగా మార్చవలెను. బాధ్యత 3వ వార్డు సభ్యురాలిది. 21వ తేదీ సాయంకాలము 7 గంటలకు సభ్యులు వచ్చి చూడవలెను." ఇందులో గాంభీర్యము తక్కువ, వెలుతురు ఎక్కువ.

అంకె వేయుట వలన కలిగెడి మేలు ఒక గ్రామములో మేము కన్నులార చూచితిమి. ఆ ఊరిలో రెండు వీధులకు కుళాయి నీటిమీద పెద్ద తగవు. ట్యాంకు దగ్గరి వీధివారు "మాకు వచ్చేది అరగంట, మీకు వచ్చేదీ అరగంటే, ఇంకా ఏడుపెందుకు?" అనిరి. చివరి వీధివారు "మాకు నీళ్ళే రావడం లేదు" అనిరి. ఇరుపక్షములవారు పెద్దల ఎదుట ప్రమాణము చేయుటకు సిద్ధపడిరి. మాటామాటా పెరిగి, రెండు వీధులవారు ఒకరి ఇంటి శుభకార్యమునకు మరియొకరు పోవుట మానుకొనిరి.

ఆ వార్డు సభ్యురాలు పెద్దగా చదువుకొనినది కాదు. ఆమె పదునైదు లీటర్ల బిందె యొకటి, మనుమని చేతి గడియారము తీసికొని బయలుదేరినది. ట్యాంకు దగ్గరి మొదటి ఇంటిలో బిందె నిండుటకు 45 సెకనులు పట్టినది. చివరి వీధిలో కడపటి ఇంటిలో రెండు నిమిషముల పదునైదు సెకనులు పట్టినది. అనగా అదే అరగంటలో మొదటి ఇంటికి నలుబది బిందెలు. కడపటి ఇంటికి పదమూడు. నీరు దూరము పోయినకొలది, నడుమ కుళాయిలు తెరచినకొలది, ఒత్తిడి తగ్గును. కాలము సమానమే, నీరు సమానము కాదు. అరగంట యని ప్రమాణము చేసినవారు సత్యమే పలికిరి. నీరు లేదని ఏడ్చినవారును సత్యమే పలికిరి. రెండు సత్యములకు నడుమ ఒక బిందె లేక ఇంత రభస జరిగినది.

ఆ లెక్కను ఆమె సభలో చదివినప్పుడు గొంతు పెంచవలసిన అవసరము కలుగలేదు. చివరి వీధికి వేరుగా ఒక వాల్వు పెట్టించి, మొదటి వీధి కుళాయిలు కట్టివేసిన తరువాత వారికి విడిగా నీరు వదలుటకు ఒప్పుకొనిరి. నాలుగు నెలలుగా ఎడమొగము పెడమొగముగా నున్న వారు అదే వారములో ఒకరి ఇంట సీమంతమునకు మరియొకరు పోయిరి. 2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు అని ప్రమాణము పెట్టినది. ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు. ఆ బిందెతో పదునెనిమిది బిందెలకు పైచిలుకు. మీ ఊరి కడపటి ఇంటికి ఎన్ని బిందెలు చేరుచున్నవో, ఒక్క ప్రొద్దున పోయి కొలిచి చూడుడు.

ఇంతమాత్రమున మన పాత మాటలన్నియు విడిచిపెట్టుమని మేము చెప్పుట లేదు. కూరలో ఉప్పు తగినంత వేయుమనుట మాని గ్రాములు చెప్పినచో వంటయింటిలో యుద్ధము జరుగును. ఎండను పడి వచ్చినవానికి కూతవేటు దూరమే యని ధైర్యము చెప్పుడు. బిడ్డ ఏడ్చునప్పుడు నాన్న ఇప్పుడే వచ్చునని చెప్పుడు. పిడికెడు మెతుకులు తిని పొమ్మని చుట్టమును బలవంతపెట్టి, మూడు మారులు వడ్డించుడు. అక్కడ అంకెతో పనిలేదు, ప్రేమయే కొలత. అప్పుపత్రము, పొలము దస్తావేజు, బిడ్డ పుట్టిన తేదీ, సభ వేళ, నీటి వంతు, పంచాయతీ తీర్మానము - ఈ ఆరింటికి మాత్రము అంకె వేయుడు. ఆ అంకె దేనికో ప్రక్కనే వ్రాయుడు. నెలకా, ఏడాదికా; సెంట్లా, గుంటలా; ఉదయమా, సాయంకాలమా అని పలికించుడు. బీదవాడు మోసపోవునది అంకెలో కాదు. అంకె ప్రక్కన వ్రాయక విడిచిన ఆ చిన్న మాటలో.

ఈ సభ ఏర్పాటు చేసినవారు మమ్ములను "రెండు ముక్కలు మాట్లాడండి, చాలు" అని కోరినారు. రెండు ముక్కలు అనగా ఎన్ని నిమిషములో వారు చెప్పలేదు; మేమును అడుగలేదు. భోజనము "ఇదిగో, అయిపోతోంది" అని వంటశాలనుండి వర్తమానము వచ్చినది. ఆ మాటకు అర్థమేమో మీకు తెలియును కనుక, ఆకులు వేయులోపల మీ మీ పుస్తకములు తెరచి, క్రిందటి సమావేశపు తీర్మానములలో "త్వరలో" అను మాట ఎన్ని మారులు వచ్చినదో లెక్కపెట్టి ఉంచుడు. భోజనమైన పిమ్మట ఆ మాటలన్నిటికిని తేదీలు వేయుదము.